సముద్రానికి బీపీ చూసిన మేనత్త

నా చిన్నప్పుడు, అంటే అరవైల చివర్లో, బాపట్ల బడిలో నన్ను రెండు రోజులు బెంచీ ఎక్కించి నిలబెట్టారు. నేను చేసిన నేరం ఒక్క మాట అనడమే. నీటి ఒత్తిడి లోతును బట్టే ఉంటుందని, పైన అలలు ఎన్ని ఎగిసినా అడుగుకు తెలియదని సైన్సు మాస్టారు చెప్పారు. నేను లేచి, కార్తీక స్నానానికి సూర్యలంక సముద్రంలో మునిగినప్పుడు తల మీదుగా అల పోతుంటే చెవిలో పోటు పెరిగిందండి అన్నాను. క్లాసంతా గొల్లుమంది. సముద్రానికి రావలసిన పోటు దీని చెవికొచ్చింది, మరి ఆటు ఎప్పుడో అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం అని మాస్టారు తేల్చేశారు. తప్పయిందని రాసి తెస్తేనే సోమవారం క్లాసులోకి రానిస్తానన్నారు.

నేను రాయనన్నాను. నాన్న రాయమన్నారు. ఆడపిల్లకి అంత మొండితనం ఏంటని అమ్మ తిట్టింది. రేపల్లెలో నర్సుగా చేస్తున్న మా మేనత్త ఆ ఆదివారం చెరుకుపల్లి మీదుగా బస్సులో వచ్చింది. అంతా విని, "పద కోడలా, సముద్రానికి బీపీ చూసొద్దాం" అంది.

సూర్యలంకలో నడుంలోతు నీళ్ళలో అత్త వెదురుబొంగు పాతి, రోగి చేతికి చుట్టినట్టే దాని అడుగున తన బీపీ పట్టీ చుట్టి గాలి కొట్టింది. పొడుగాటి రబ్బరు గొట్టం తగిలించిన పాదరసం పెట్టెను తన మొహం ఎత్తున పట్టుకుంది. చిట్టి అలలు పైపైనే పోయాయి, పాదరసం పెద్దగా కదల్లేదు. వెడల్పాటి పెద్ద అల వచ్చి పట్టీ మీదుగా లేచినప్పుడు మాత్రం పాదరసం పైకి పాకింది. అల దాటిపోగానే దిగింది. మళ్ళీ అల, మళ్ళీ పాకింది. నాకు ఏడుపొచ్చింది, సంతోషమూ కోపమూ కలిసిన ఏడుపు.

"నెత్తిన నీళ్ళు పెరిగితే కిందున్నదాన్ని నొక్కవా ఏంటి? చూసింది చూసినట్టు రాసివ్వు. ఆయన ఒప్పుకోరులే, అయినా ఇవ్వు" అంది అత్త.

అలాగే రాసిచ్చాను. మాస్టారు చదవకుండానే ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, ఆ వారమంతా నన్ను వరండాలో నిలబెట్టారు. కాళ్ళు పీకాయి. తప్పయిందని మాత్రం రాయలేదు.

డెబ్బైకి దగ్గర పడిన ఈ వయసులోనూ, ఎంతటివారు ఏది చెప్పినా "మీరు చూశారా అండీ?" అని అడగకుండా ఉండలేను. ఈవిడకి నోరెక్కువ అంటారు. అననివ్వండి.