చల్లబడిన రాయి

బండను అరచేత్తో చరిచి, చల్లబడిందని నిర్ధారించుకున్నాకనే మా మేనమామ దాని కింద కూర్చునేవాడు. సైన్యంలో హిమాలయాల మీద పనిచేసి, రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో జమ్మలమడుగుకు తిరిగివచ్చి గొర్రెలు పెట్టుకున్నాడు. ఆ మంచుకొండల్లో పగుళ్లలో నీరు గడ్డకట్టి రాళ్లను చీల్చేది. పొద్దెక్కి మంచు కరగగానే అవి ఊడిపడి ఆయన తోటివారిని నలిపివేశాయి. అందుకే ఇక్కడ కూడా ఉదయం మందను కొండ దరికి పోనిచ్చేవాడు కాదు. పొద్దు వాలాక మాత్రం చరియ కిందనే నిలిపేవాడు.

“మామా, ఈడ మంచే లేదు గదా. రాయిని పట్టుకుని సూసేదేంది?” అన్నాను.

“సల్లబడితే రాయి బిగుస్తాది అల్లుడా. నువ్వు పుస్తకంలో సూసినావు, నేను పీనుగుల్ని మోసినా.”

ఒక సాయంత్రం, పెద్దవాన వెలిశాక, చరియ విరిగి సగం మందను నుజ్జు చేసింది. పగుళ్లలోని మన్ను నాని ఉబ్బిందని నా అనుమానం, నిరూపించలేను. నేను వెళ్లేసరికి ఆయన నెత్తురంటిన బండను చరుస్తూనే ఉన్నాడు.

“సల్లగానే ఉండాది గదా. నువ్వే సూడు.”

చెయ్యి పెట్టి చూశాను. చల్లగానే ఉంది.