ఆవులప్ప సాగనంపిన బెంగళూరువాళ్ళు

మా ఆవులప్ప ఎవరినైనా సాగనంపడానికి బయలుదేరాడంటే ఆ మనిషి ఆ రోజుకు ప్రయాణం మానుకోవలసిందే అని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళం. చుట్టం గడప దాటగానే సంచీ తను అందుకునేవాడు. అందుకున్న సంచీని ఒక పట్టాన చేతికి ఇచ్చేవాడు కాదు. దారిలో ప్రతి ఇంటి ముందూ ఆగి, "మా చుట్టం పోతా ఉండాడు, ఒగ మాట మాట్లాడి పంపండప్పా" అనేవాడు. బస్సు దగ్గరికి చేరేసరికి ఊళ్ళో సగం మంది వెంట ఉండేవాళ్ళు.

నేను ఆ బస్సుకు కండక్టర్ని. పేరు మునివెంకటప్ప. శ్రీనివాసపురంలో బయలుదేరి గౌనిపల్లి మీదుగా మా ఊరిదాకా వచ్చి తిరిగిపోయే ప్రైవేటు బస్సు మాది. చుట్టం కాలు మెట్టు మీద పడేసరికి ఆవులప్ప చెయ్యి కిటికీ ఊచ మీద పడేది. నేను విజిల్ ఊదేవాడిని.

"ఉండప్పా మునివెంకటప్పా, ఒగే మాట." అని చుట్టంవైపు తిరిగేవాడు. "ఏమప్పా, మీ మనవడికి పండ్లు వచ్చినాయా?"

"వచ్చినాయి మామా."

"పైవా, కిందవా?"

బస్సు కదిలేది. ఆవులప్ప కూడా దానితోపాటు కదిలేవాడు. నాలుగు అడుగులు వేశాక ఒక్కోసారి గట్టిగా నెత్తి కొట్టుకునేవాడు. "అయ్యో, మునగాకు కట్టిచ్చేది మరిచిపోతిని! ఆపప్పా!" ఆకు తేవడానికి ఇంటికి పరుగెత్తేవాడు, చుట్టం సంచీ భుజాన ఉండగానే. సంచీ కోసం చుట్టం దిగేవాడు. నేను ఇంకో విజిల్ ఊది బస్సును కదిలించేసేవాడిని. ఏం చేయను, డ్రైవరు తిట్లు నేను కదా తినాలి.

ఒకసారి ఒక ఇంటి కోడలు అత్తతో గలాటా పెట్టుకొని పుట్టింటికి బయలుదేరింది. ఆవులప్ప సాగనంపాడు. మధ్యాహ్నం బస్సు పోయింది, సాయంత్రం బస్సూ పోయింది. చివరికి అత్తే వచ్చి, "సంగటి ఆరిపోతా ఉండాది, రా" అని కోడలిని పిలుచుకొని పోయింది. మేమంతా ఆవులప్పను చూసి పడీపడీ నవ్వాం.

ఆయన చిన్నతనంలోనే కేజీఎఫ్‌కు పోయి బంగారు గనిలో చేరాడు. షిఫ్టు మనుషులు గనిలోకి దిగే ఇనుప బోనులో నిలబడితే తలుపు వేసి కిందికి పంపే పని ఆయనది. గని మూతపడి ఊరికి తిరిగొచ్చాక మావాళ్ళు ఏడిపించేవాళ్ళు. "బంగారం అయిపోయి గని మూసినారంటే మేము నమ్మము. నువ్వు తలుపు వేయకుండా మాట్లాడతా నిలబడింటావు, అందుకే మూసినారు." ఆయన కోప్పడేవాడు కాదు. "కిందికి పోయేటోళ్ళతో నాలుగు మాటలు మాట్లాడితే తప్పేముండాదప్పా" అనేవాడు.

ఇంకొకటి. "పో" అనే మాట ఆయన నోట్లోంచి వచ్చేది కాదు. "పోయి రా" అనేవాడు. అప్పులవాడినైనా, పాత బట్టలకు గిన్నెలిచ్చే వాడినైనా, ఆఖరికి సంగటి గిన్నెలో మూతి పెట్టిన కుక్కనైనా అంతే. "పోయి రామ్మా" అని కుక్కకు చెబితే అది నిజంగానే మళ్ళీ వచ్చేది.

అలాంటి మనిషి చేతికి కొరోనా ఏడాదిలో మా ఊరు ఒక పని అప్పగించింది. అది చెబుదామనే ఇదంతా మొదలుపెట్టాను.

ఊరి బయట మామిడితోటను బెంగళూరు ఈశ్వరప్ప, ఆయన భార్య గురువమ్మ కొని అందులో ఇల్లు కట్టుకున్నారు. ఆయన ఉద్యోగంలోంచి దిగిపోయిన పెద్దమనిషి. శనివారం కారులో వచ్చి ఆదివారం వెళ్ళిపోయేవాళ్ళు. ఎవరితోనూ గొడవ లేదు, మాట కూడా లేదు. మేకలు నడిచే దారికి అడ్డంగా కంచె వేశారు. అన్నిటికంటే, వచ్చేటప్పుడు బెంగళూరు నుంచి పాల ప్యాకెట్లు తెచ్చుకునేవాళ్ళు. ఇది మా పాల డెయిరీ అధ్యక్షుడు చిక్కవెంకటప్ప గుండెలో ముల్లులా ఉండేది. "ఈ ఊళ్ళో పొద్దన లేస్తే పాలు పారతాయి. వీళ్ళు ప్యాకెట్టు పాలు తాగతారంట!"

లాక్‌డౌన్ వచ్చింది. బస్సులు ఆగాయి. ఊరి దారికి కంపచెట్లు కొట్టి అడ్డం వేశాం. అయినా ఒక తెల్లవారుజామున తోట ఇంటి ముందు కారు కనబడింది. పక్క ఊరి టమాట లారీల దారిన వచ్చినట్టున్నారు.

డెయిరీ ముందు ఊరంతా చేరింది. దూరం దూరంగా నిలబడమని చెప్పిన చిక్కవెంకటప్పే అందరి మధ్యకూ వచ్చి అరిచాడు. "ఊళ్ళో ఒక్కరికి వచ్చిందంటే పాల బండి రాదు. ఎనుములు పాలు నిలిపేస్తాయా? పిండిన పాలు ఎవురి నెత్తిన పోసేది? వాళ్ళను పంపించేయల్ల. అంతవరకు అంగట్లో సరుకు ఇయ్యొద్దు, పాలు పోయొద్దు. ఎవురు పోయి చెప్తారు?"

ఎవరూ కదల్లేదు. భయం. వెనకనుంచి ఎవరో, "పంపించే పని ఆవులప్పకు ఇస్తే సరి" అన్నారు. ఆ రోజుల్లో కూడా జనం నవ్వారు.

చిక్కవెంకటప్ప నవ్వలేదు. "సరే, మామే పోనీ. మునివెంకటప్పా, నువ్వు ఎంట పో. బస్సు లేదు, నీకింగ వేరే పనేముండాది?"

ఆవులప్ప ముఖం వెలిగిపోయింది. రాకపోకలు ఆగిపోయి, సాగనంపడానికి మనిషి దొరక్క ఆయన చిక్కి సగమైపోయాడు. తువ్వాలు మూతికి రెండు చుట్లు చుట్టుకొని బయలుదేరాడు. నేను దారి అవతలే నిలబడిపోయాను. ఆయన గేటు దగ్గరికి వెళ్ళి గొంతెత్తాడు.

"సామీ! ఊరోళ్ళు చెప్పమన్నారు! మీరు పోయి రావల్ల!"

డెయిరీ అరుగు మీదనుంచి చిక్కవెంకటప్ప కేక వేశాడు. "పోయి రమ్మనొద్దు మామా! పొమ్మను!"

"నోరు రాలేదప్పా! రవంత ఉండు!"

ఈశ్వరప్ప గేటు దగ్గరికి వచ్చాడు. మాస్కు మీద కళ్ళద్దాలు ఆవిరి పట్టి ఉన్నాయి. ఏదో చెప్పాడు. నాకు వినబడలేదు. ఆవులప్ప తలాడించి, మావైపు తిరిగి అరిచాడు. "పోతారంట! దారికి రవంత సంగటి పిండి కావల్లంట!"

పిండి తెచ్చి ఇచ్చాడు. వాళ్ళు పోలేదు. "పిండి ఉడికించుకునేసరికి పొద్దుపోయిందంట" అన్నాడు. మర్నాడు టమాటలు. మార్కెట్టు లేక రోడ్డు పక్కన పారబోసినవి ఏరి తెచ్చాడు. "దారిలో దాహమైతే తింటారు" అన్నాడు. ఆ తర్వాత మునగాకు, ఎర్రగడ్డలు, చెంబుతో పాలు. ఒక రోజు పడమరకు శూల అన్నాడు, ఒక రోజు అమావాస్య అన్నాడు. పొద్దున లేస్తే గేటు దగ్గర ఆయన గొంతే. "సామీ, ఈ పొద్దైనా బయలుదేరండి!" లోపలినుంచి, "సరేనప్పా" అని జవాబు.

ఆవులప్ప భార్య పిల్లమ్మ నన్ను పట్టుకొని అడిగింది. "ఏమప్పా, పిండి డబ్బా అడుగంటిపాయె. దారికి, దారికి అని మోస్తా ఉండాడు. వాళ్ళు పోయేది బెంగళూరికా, కాశీకా?"

ఇంతలో ఎవరో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తోట లైను ఫ్యూజు పీకేశారు. ఎవరో అని రాస్తున్నాను గానీ ఊరందరికీ తెలుసు. మోటరు ఆగింది. ఎండాకాలం, ఇద్దరూ పెద్దవాళ్ళు, చుక్క నీళ్ళు లేవు. ఊళ్ళో ఎవరూ నోరెత్తలేదు.

ఆవులప్ప కావడి కట్టి రెండు బిందెల నీళ్ళతో డెయిరీ ముందునుంచే నడిచాడు.

"యాడికి మామా?" అన్నాడు చిక్కవెంకటప్ప.

"కారు రేడియేటరుకప్పా. దూరం పోయేది కద."

సాయంత్రం మళ్ళీ కావడి. మర్నాడు మళ్ళీ.

"అదేం కారు మామా, ఎనుము మాదిరి తాగతా ఉండాది!"

"పెద్ద కారప్పా."

ఆవులప్పది గని దుమ్ము పట్టిన ఛాతీ, నాలుగు అడుగులకు ఒకసారి ఆగి దగ్గుతున్నాడు. చిక్కవెంకటప్ప ఆ బిందెలకేసి చూశాడు, వెళుతున్న మనిషికేసి చూశాడు. ఆ పూటే తోటలో మోటరు శబ్దం వినబడింది. ఫ్యూజు ఎవరు పెట్టారని ఎవరూ అడగలేదు. పీకిందెవరని అడగనివాళ్ళం, పెట్టిందెవరని ఎలా అడుగుతాం?

ఆ తర్వాత భయం మెల్లగా తగ్గింది. కంపచెట్లు తీసేశాం. బస్సు నడిచింది. ఒక పొద్దున ఆవులప్ప మూటతో గేటు దగ్గరికి పోతే బీగం వేసి ఉంది. వాళ్ళు తెల్లవారకముందే వెళ్ళిపోయారు. మా ఊరినుంచి ఆయనకు చెప్పకుండా పోయినవాళ్ళు వాళ్ళే.

"పోయినారా?" అని నన్ను అడిగాడు, నేనేదో టికెట్టు కొట్టి పంపినట్టు. మూట ఒళ్ళో పెట్టుకొని బస్సు స్టాపులో కూర్చున్నాడు. ఆ రోజు బస్సు సరిగ్గా టైముకు కదిలింది. డ్రైవరు కూడా సంతోషించలేదు.

ఆ తర్వాత శనివారాలు కారు రాలేదు. కాయలు చెట్టుమీదే మాగి రాలిపోయాయి. కొన్నాళ్ళకు తోట అమ్మకానికి పెట్టారని తెలిసింది. చిక్కవెంకటప్ప ఆ దారిన పోవడం మానేశాడు. చుట్టూ తిరిగి పొలానికి వెళ్ళేవాడు. ఫోను చేసి ఒక మాట అనుంటే సరిపోయేది. ఎవరం అనలేదు. వాళ్ళూ ఒక మాట అనుండవచ్చు. వాళ్ళూ అనలేదు.

ఒకరోజు ఆవులప్ప నాతో అన్నాడు. "తప్పు నాదేనప్పా. వాళ్ళకు ఒగ మాట, ఊరోళ్ళకు ఒగ మాట చెప్పి నడిపేస్తిని. ఇద్దరినీ ఒగ చోట నిలబెట్టి మాట్లాడించింటే ఎంత బాగుండేది. ఊరందరితో మాట్లాడించేటోడిని, అప్పుడే నాకు బుద్ధి రాలేదు చూడు."

నాకు అర్థం కాలేదు. అర్థమైంది తోట రిజిస్ట్రేషను అయిన రోజు.

ఆ రోజు వాళ్ళిద్దరూ శ్రీనివాసపురంలో సంతకాలు పెట్టి, ఇంట్లో సామాన్లు కొన్ని తీసుకోవడానికి వచ్చారు. కారు చూసి ఆవులప్ప ముందే చేరాడు. వెనక మేము నలుగురం. చిక్కవెంకటప్ప కూడా వచ్చాడు. చేతిలో పాల క్యాను. ఎందుకు తెచ్చాడో ఆయనకే తెలియనట్టు దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు.

ఈశ్వరప్ప అప్పటికే కారెక్కి ఇంజను వేసి కూర్చున్నాడు. గురువమ్మ ఇంటికి బీగం వేస్తూ ఆవులప్పను చూసి ఆగిపోయింది.

"ఆ పొద్దు చెప్పకుండా పోతిమని కోపమా అన్నా? నీ ముందర నిలబడితే ఏడుపు వస్తాదని తెల్లారకనే పోయినాము."

"కోపమేముండాదమ్మా."

ఆమె మావైపు తిరిగింది. "మా అపార్ట్‌మెంటుకు అప్పుడు కొరోనా అని బీగం వేసినారు. పొమ్మంటే యాడికి పోయేది? ఈ అన్న మొదటి రోజే మెల్లగా చెప్పినాడు. 'నేను గట్టిగా అరుస్తాను, మీరేమీ అనుకోవద్దు. ఊరోళ్ళు చెడ్డోళ్ళు కాదు, భయపడినారు. ఆ భయం తగ్గేదాకా రోజూ నేను వచ్చి పొమ్మంటాను, రోజూ మీరు సరే అనండి. రేపటికి ఏం కావల్లో ఇప్పుడే చెప్పండి' అని. మేము బతికింది ఆ దారి బువ్వతోనే."

ఆవులప్ప తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నట్టు దాచుకున్నాడు.

నేను మాత్రం ఆయన వల్ల బస్సు తప్పినవాళ్ళను ఒక్కొక్కరినే తలుచుకున్నాను. అత్తమీద అలిగిన కోడలు. తమ్ముడితో గట్టు తగాదా పడి కోర్టుకు బయలుదేరిన అన్న. ఇంట్లో చెప్పకుండా సంచీ సర్దుకున్న మొగుడు. సంతోషంగా పోయేవాళ్ళ బస్సు ఒక్కటీ తప్పినట్టు నాకు గుర్తు రాలేదు.

"అన్నా, ఇన్నేండ్లూ తెలిసే చేసినావా?" అన్నాను.

"ఏందప్పా తెలిసేది? కోపంగా ఉండేటోళ్ళకూ భయంగా ఉండేటోళ్ళకూ రవంత టైము కావల్ల. అంతే. మునగాకు మాత్రం నేను నిజంగానే మరిచిపోతాను."

నవ్వాం. చిక్కవెంకటప్ప మాత్రం నవ్వలేక క్యాను గురువమ్మ ముందు పెట్టాడు. "అమ్మా, ఇవి ఈ పూట పిండినవి. ఆ పొద్దు ఇయ్యాల్సినవి."

ఆమె ఆ క్యానునూ ఆయననూ కాసేపు చూసింది. వేసిన బీగం తీసింది. సామాను మూటల్లోంచి ఒక గిన్నె, కాఫీపొడి డబ్బా వెతికి తీసింది. మేమంతా మొదటిసారి ఆ ఇంటి వసారాలో కూర్చున్నాం. చుట్టూ మామిడి నీడ, చల్లగా గాలి. చిక్కవెంకటప్ప ఒక గుక్క తాగి, లోటాలోకి చూస్తూ అన్నాడు.

"తోట అమ్మకముందే ఈ కాపీ తాగింటే బాగుండు కదమ్మా."

"నేను పోసింటే కద మీరు తాగేది" అంది గురువమ్మ.

ఆవులప్ప లోటా కింద పెట్టి, "చక్కెర రవంత తక్కువాయె" అన్నాడు. "నాకు ఎక్కువాయె" అన్నాడు చిక్కవెంకటప్ప. గురువమ్మ ఇద్దరినీ చూసి, మళ్ళీ పాలు పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

బయట ఈశ్వరప్ప కారు ఇంజను ఆపేశాడు.