ముప్ఫై రెండు చిల్లుల హబ్బు

చిటపట అంటే మా వీధి సైకిలు మెకానిక్కు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో. ఆయన కసిరితే పంక్చరైన ట్యూబు హడలిపోయి తనే గాలి నింపుకునేదని చెప్పుకుంటారు; నేను కళ్ళారా చూసింది మాత్రం ఒక్కసారే.

ఎదురుగా అద్దాల తలుపులతో మెరిసే సైకిళ్ళ కొట్టు ఆయన బావమరిదిది. ఈయన దగ్గరే పని నేర్చుకుని, ఈయన ముక్కుకెదురుగా తెరిచాడు. అప్పటినుంచి ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. తిట్లు పడలేక వీధి వీధంతా అటు మళ్ళింది. చిటపటకు మిగిలింది లెక్కల టీచరు ఒక్కతే. ఆవిడా పోతే ఇక తలుపులు మూసుకోవడమే.

ఒక ఉదయం ఆవిడ సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. వెనక చక్రం కరకరలాడుతోంది. చిటపట ఇరుసు విప్పి చూశాడు.

"చక్రం నడిమి హబ్బు లోపల గుంటలు పడ్డాయి, మార్చాలి. ఇనుప గుళ్ళుండే మామూలు బాల్సు హబ్బు చాలు. బడికీ ఇంటికీ తిరిగే బండికి అంతకన్నా ఎందుకు? ఏడాదికోసారి గ్రీజు పెడితే మీకంటే ఎక్కువకాలం బతుకుతుంది."

అంతలో బావమరిది తళతళలాడే హబ్బొకటి పట్టుకుని రోడ్డు దాటొచ్చాడు.

"ఆయన మాటలకేంగానీ టీచరుగారూ, ఇది సీల్డ్ బేరింగు. గ్రీజు గొడవే ఉండదు. రేటులో కొంచెమే తేడా."

"తేడా తెలిసే మొహమేనట్రా నీది?"

"నీ దగ్గర నేర్చుకున్నవాణ్ణి, ఎలా తెలుస్తుంది బావా!"

చిటపట ఇంకో తిట్టు నోటిదాకా తెచ్చుకుని, ఆ హబ్బును చూసి మింగేశాడు. స్పోకులు దూర్చే చిల్లులు దానికి ముప్ఫై రెండు. టీచరు రిమ్ముకు ముప్ఫై ఆరు; రెండూ కలవవు. చిల్లులు లెక్కపెట్టందే హబ్బు ముట్టుకోకూడదని వాడికి చెవి మెలేసి నేర్పింది తనే. వాడు లెక్కపెట్టలేదు. పడనీ గోతిలో అనుకున్నాడు.

"మీ ఇష్టం టీచరుగారూ" అన్నాడు తేనె పూసినట్టు. పుట్టి బుద్ధెరిగాక అంత మెత్తగా మాట్లాడటం అదే మొదలు. ఆవిడకు అప్పుడే అనుమానం రావలసింది.

సాయంత్రం అద్దాల కొట్టు ముందు, రిమ్ములో నాలుగు చిల్లులు నోళ్ళు తెరుచుకుని మిగిలాయి.

"రిమ్ము కూడా మార్చాలండీ" అని బావమరిది నసిగాడు.

చిటపట తొడ చరిచి మరీ నవ్వాడు. "పొద్దున చూడగానే తెలుసు నాకు!"

టీచరు ఇటు తిరిగింది. "తెలుసా?"

నవ్వు ఆగిపోయింది.

"అతను తెలియక చేశాడు. మీరు తెలిసీ ఊరుకున్నారు. రేపు పరీక్ష పేపర్ల కట్ట మోసుకుంటూ రెండు మైళ్ళు నడవాల్సింది నేనయ్యా, మీ బావమరిది కాదు!"

రెండు రోజుల తరువాత ఆవిడ మామూలు బాల్సు హబ్బే వేయించుకుంది, ముప్ఫై ఆరు చిల్లులది. అయితే అద్దాల కొట్టులో. బావమరిది బిగించి తిప్పితే చక్రం రెండు చుట్లు తిరిగి మొరాయించింది.

"పావు తిప్పు వదులు చెయ్యరా, దున్నపోతా!" అని ఇవతలినుంచి కేక పడింది.

వాడు తల ఎత్తకుండానే వదులు చేశాడు. చక్రం గాలిలా తిరిగింది. టీచరు ఎక్కి, ఇటు చూడకుండా వెళ్ళిపోయింది.

ఆ తరువాత వారమంతా చిటపట ఎవరినీ తిట్టలేదు. తిట్టించుకోవడానికి ఎవరూ రాలేదు.