ఇసుక మైదానపు పీఈటీ సారు

మా పాఠశాల పీఈటీ సారు గుండెపోటుతో కన్నుమూశారని పోయిన వారం ఒమాన్‌లో మా బడి ఉన్న ఇబ్రా పట్టణం నుంచి ఫోన్ వచ్చింది. నేను పదవీవిరమణ చేసి మస్కట్‌లో కుమారుని ఇంట ఉంటున్నాను. ఆయన మాత్రం చివరి రోజు వరకు ఈల మెడలో వేసుకొనే తిరిగారట.

ఆయనది జగిత్యాల దగ్గరి పల్లె. ఆ బడిలో తెలుగు పండితునిగా ఎందరి వాక్యాలనో సవరించాను గాని, ఆయన మాటల జోలికి ఎన్నడూ పోలేదు. ఇక్కడా పోను.

మా మైదానంలో గడ్డిపోచ మొలవదు. అంతా ఇసుక, కంకర. ఆటకు ముందు కెప్టెన్‌తో సహా అందరూ వరుసగా నడుస్తూ రాళ్లు ఏరవలసిందే. “వంగనోనికి బంతి దొరకది” అనేవారు సారు. నిజామాబాద్ వైపు నుంచి వచ్చి ఇబ్రాలో దుకాణం పెట్టిన ఒక కిరాణా వ్యాపారి కూతురు ఆ ఇసుకలోనే ఆడి, పన్నెండో తరగతికల్లా మా జట్టులో మేటి ఫుట్‌బాల్ క్రీడాకారిణి అయింది.

హైదరాబాద్ కళాశాల ఒకటి ఆటలో ఎంపికైనవారికి సీటు ఇస్తున్నదని తెలిసి, సారు ఆమె తండ్రి దుకాణానికి వెళ్లారు. నేనూ తోడు వెళ్లాను.

“ఆట కూడు వెడ్తదా సార్?” అన్నాడు తండ్రి, ఉల్లిగడ్డలు తూస్తూనే.

“దుకాణం పెట్టిననాడు గిరాకి వస్తదని నీకెవడన్న రాసిచ్చిండా? ఒక్కపారి పంపు. సీటు రాకుంటె నీ కౌంటర్ల నేనే కూసుంట.”

“మీరు కూసుంటె ఉన్న గిరాకి పోతది” అని తండ్రి నవ్వాడు. “పంపుత. సీటు రాకుంటె మాత్రం మల్ల ఆట మాటెత్తొద్దు.”

ఎంపిక పోటీల మొదటి రోజు సాయంత్రం ఆమె హైదరాబాద్ నుంచి సారుకు ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

“బంతి నా మాట ఇంటలేదు సార్. ఏ పాస్ ఇచ్చినా గీత దాటి పోతున్నది. ఇగ రేపొక్కటే ఉన్నది.”

ఇసుకలో బంతి కదలాలంటే బలంగా తన్నాలి. ఆ పిల్ల కాలికి తెలిసింది అదొక్కటే. అక్కడి మైదానపు పచ్చికపై ఆ బలమే శత్రువైంది. ఈ సంగతి ముందుగా ఎవరికీ తోచలేదు.

“హాస్టల్ ముంగట గడ్డున్నదా బిడ్డా? బూట్లిప్పు. ఉత్తకాళ్లతోని గోడకు కొట్టు. గట్టిగ తంతె కాలికే తాకుతది. గదే నేర్పుతది.”

“ఎంతసేపు సార్?”

“బంతి నీ దగ్గరికి నడిచొచ్చేదాంక.”

మరునాడు ఆమె ఎంపికైంది. డిగ్రీ, ఆపై వ్యాయామ విద్య పూర్తిచేసి, నేడు మరో కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్‌గా బాలికల జట్టుకు శిక్షణ ఇస్తున్నది.

సారు భౌతికకాయం విమానంలో స్వగ్రామం చేరింది. అంత్యక్రియలను నేను ఫోన్‌లో వీడియో కాల్ ద్వారా చూశాను. ఆమె తన జట్టును వెంటబెట్టుకొని వచ్చింది. నేరుగా పాడె దగ్గరకు నడిచింది.

“ఆడివిల్ల పాడె మోసుడేంది బిడ్డా?” అని ఒక వృద్ధుడు అడ్డు నిలిచాడు.

“సార్ నన్ను ఎన్నడు పక్కకు కూసోవెట్టలే తాతా. ఇయ్యాల మీరు కూసోవెట్టకున్రి.”

ఆయన తప్పుకున్నాడు. ట్రాక్‌సూట్ భుజం మీద వెదురు బొంగు ఆనింది. మిగిలిన ముగ్గురి అడుగులతో తన అడుగు కలుపుకొంటూ, దారి మలుపులో కనుమరుగయ్యే వరకు ఆమె భుజం మార్చుకోలేదు.