ఓడకి దారిచ్చిన బోటు

మా పంచాయతీ వకీలు గారు పోయారు. ఆ కబురు హార్బరు దాటి అబర్డీన్ బజారుకి ముందుగా మోసుకెళ్ళింది నేనే. అక్కడే చెడింది. "చల్, ఇవాళ ఇంకెవరూ దొరకలేదా నీకు?" అని టీ కొట్టు భయ్యా నవ్వాడు. బట్టల షాపాయన ఏకంగా వకీలు గారికే ఫోన్ కొట్టాడు. అవతల ఆయన కూతురు ఎత్తింది. షాపాయన ఫోన్ పెట్టేసి నన్ను చూసిన చూపుకి, ఆ చావు నేనే చేయించానేమో అనిపించింది. జీవితమంతా వేళాకోళాలు ఆడినవాడి గతి ఇదే. నిజం చెప్పినా సాక్షి కావాలి.

వకీలు గారు ఉంటే ఈ ముచ్చట విని కళ్ళజోడు తుడుచుకునేవారు. ఆయన నవ్వడమంటే అదే.

హత్యలు, విడాకులు ఆయన ముట్టుకోలేదు. పంచాయతీలు, స్కూళ్ళు, వాటి గోడలు, కాలవలు, నోటీసులు, అదే ఆయన వకాల్తా. నేను వార్డు మెంబరుని. ఎనిమిదో క్లాసుతో చదువు మానేశాను. చదువే నన్ను మానేసిందని మా ఆవిడ అంటుంది. పంచాయతీ తరఫున ఏ నోటీసు రాసినా ఆయన ముందు నాచేత పైకి చదివించేవారు. నేను తడబడ్డ చోటల్లా కొట్టేసి మళ్ళీ రాసేవారు.

"నాకెందుకండీ ఈ పరీక్ష?" అంటే, "మెంబరు గారూ, మీకు అర్థమైతే ఊరందరికీ అర్థమైనట్టే" అన్నారు. అది పొగడ్తో తిట్టో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. కసి కొద్దీ ఓసారి ఆయన గొడుగుని బోటు బల్లకి కట్టేశాను. జనమంతా దిగిపోయాక కూర్చుని ముడి విప్పుకున్నారు. తర్వాతి మీటింగులో మురుగు కాలవల నిబంధనలు మొత్తం నాచేత చదివించారు.

ఆయన ఇల్లు హార్బరుకి మా ఊరి వైపే. కోర్టు బజారు వైపు. రోజూ బోటులో నల్ల కోటుని లోపలి వైపు పైకి తిప్పి మడిచి ఒళ్ళో పెట్టుకునేవారు, ఉప్పుగాలి తగలకుండా. కోర్టు మెట్ల దగ్గరే తొడుక్కునేవారు. నిజానికి ఆయన ఆఫీసు ఆ బోటే. గొడవ పడ్డ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టేవారు. "ఆఫీసులో అయితే కోపం వచ్చినోడు లేచిపోతాడు. ఇక్కడ ఎక్కడికి పోతాడు? గెలిచినోడూ ఓడినోడూ రేపు మళ్ళీ ఈ బోటే ఎక్కాలి" అనేవారు.

ఓ ఎండాకాలం మా వార్డుకి కుళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి. బిందెల దగ్గర ఆడవాళ్ళు జుట్లు పట్టుకునేదాకా వచ్చింది. మా పంచాయతీ ప్రధాన్ కిందా మీదా పడి పెద్ద ట్యాంకు మంజూరు చేయించాడు. కట్టడానికి చదునైన జాగా స్కూలు మైదానం ఒక్కటే. పిల్లలు ఆడుకోవడానికి ఉన్నదీ అదొక్కటే, చుట్టూ అంతా కొండవాలు. హెడ్ మేడం కోర్టుకెళ్ళి పని ఆపించింది. వానలు పడేలోపు పని మొదలుకాకపోతే ట్యాంకు ఇంకో ఊరికి పోతుంది.

కోర్టు నుంచి తిరిగొస్తూ ఫీనిక్స్ బే జెట్టీలో అందరం ఒకే బోటెక్కాం. మేడం తరఫు వకీలు కూడా ఉన్నాడు, బోటు ఊపు పడక తల పట్టుకుని.

"ప్రధాన్ జీ, నీళ్ళు పైనుంచి కిందికి వస్తాయా, కిందినుంచి పైకి పోతాయా?" అని మా వకీలు గారు మొదలెట్టారు.

"పైనుంచే కదండీ."

"మరి స్కూలు వెనక మెట్ట ఉండగా మైదానం ఎందుకు?"

"అక్కడికి లారీ ఎక్కదు."

"ఎక్కుతుంది. సెలవుల్లో మైదానం మీంచి దారిస్తే."

"ఇవ్వను," అంది మేడం. "ఇలాగే సెలవులకని ఓ కాంట్రాక్టరు సిమెంటు షెడ్డు వేశాడు. నేను రిటైరైనా అది రిటైరవదు."

మా వైపు జెట్టీ దగ్గరపడుతోంది. వకీలు గారు దానివైపోసారి, నావైపోసారి చూసి, "ఈ బోటుకి ఎప్పుడూ తొందరే" అన్నారు. నాకంతే చాలు. బోటు నడిపే సరంగు దగ్గరికెళ్ళాను.

"భయ్యా, ఓడ వస్తోంది. ఆపి దారియ్యి."

"ఓడ కిధర్ హై రే? ఎక్కడా కనిపించదే?"

"వస్తుందిలే, ఏదో ఒకరోజు."

సరంగు పళ్ళికిలించి ఇంజిన్ తగ్గించాడు. బోటు హార్బరు మధ్యలో ఊగుతూ ఆగింది. చేపల బుట్టామె లేచింది. "ఏటిది? నా చేపలు కుళ్ళిపోతే నువ్వు కొంటావేటి?"

వకీలు గారు కళ్ళజోడు తుడుచుకుని ఖాళీ హార్బరు కేసి చూశారు. "పెద్ద ఓడమ్మా. నెమ్మదిగా వస్తుంది," అని చెప్పి ఒళ్ళో కోటు మీద కాగితం పెట్టి రాయడం మొదలెట్టారు. ట్యాంకు మెట్ట మీద కట్టాలి. స్కూలు తెరిచేలోపు మైదానంలో చక్రాల గోతులు పంచాయతీయే పూడ్చాలి. పూడ్చకపోతే, లారీ లోపల ఉండగానే మేడం గేటుకి తాళం వేసుకోవచ్చు.

ప్రధాన్ గయ్యిమన్నాడు. "మీరు మా వకీలా, ఆవిడ వకీలా?"

"మీ వకీలునే. మిమ్మల్ని మళ్ళీ కోర్టుకి రానివ్వకుండా చూసుకోవడం కూడా నా పనే."

నాచేత చదివించారు. ఒక్క చోటా తడబడలేదు.

"తాళం నాదేనా?" అంది మేడం.

"మీదే."

ఆవిడ సంతకానికి పెన్ను అందుకుంది. ఆ తర్వాత ప్రధాన్. వకీలు గారు నావైపు తిరిగారు. "మెంబరు గారూ, ఓడ వెళ్ళిపోయిందని సరంగుకి చెప్పండి."

గోతులు పూడ్చడం ఆలస్యమైతే మేడం తాళం వేసింది కూడా. అప్పుడు ప్రధానే పార పట్టాడు. ఇప్పుడు మా వార్డులో కుళాయి తిప్పితే మెట్ట మీంచి నీళ్ళొస్తాయి. పిల్లలు కింద ఫుట్‌బాల్ ఆడుకుంటున్నారు.

పోయిన రోజు ఆస్పత్రి నుంచి ఆయన్ని ఆ బోటులోనే ఇంటికి తీసుకెళ్ళాం. ఒక పక్క ప్రధాన్, ఒక పక్క మేడం. ఎవరో నల్ల కోటు మామూలుగా మడిచి కాళ్ళ దగ్గర పెట్టారు. మేడం దాన్ని తీసి, లోపలి వైపు పైకి తిప్పి, మళ్ళీ మడిచి పెట్టింది.

హార్బరు మధ్యకి వచ్చేసరికి ఇంజిన్ చప్పుడు తగ్గింది. బోటు ఆగింది. ప్రధాన్ నావైపు అనుమానంగా చూశాడు. నేను కాదని తల అడ్డంగా ఊపాను. ఈసారి నమ్మాడు.

"ఓడ వస్తోంది," అన్నాడు సరంగు వెనక నుంచి.

హార్బరు ఆ చివరిదాకా ఖాళీ. అందరం అటే చూస్తూ నిలబడ్డాం.