ఉత్త నీళ్లతో కడిగిన పాలగిన్నె

ఆ దుకాణంలో స్వప్నికను మొట్టమొదట భయపెట్టింది ఆవిరి గొట్టం. కాఫీ యంత్రం పక్క నుంచి వంగి ఉండే ఆ సన్నని గొట్టం పిడి తిప్పగానే బుస్సుమనేది. మొయినాబాద్ పక్క పల్లె హిమాయత్‌నగర్‌లో ఇంటి దగ్గర కట్టెల పొయ్యి మీద పాలు పొంగుతున్నా ఆమె ఏనాడూ వెనక్కి జరగలేదు. ఇక్కడ మాత్రం స్టీలు జగ్గు పట్టుకున్న చేయి దానంతటదే వెనక్కి వచ్చేసేది.

"గట్ల వణుకుతవేంది? అదేమన్న కరుస్తదా? పాలల్ల ముంచి పట్టు, గంతే," అనేవాడు పేతురు. అతను ఆ దుకాణంలో ఆమెకంటే ముందు చేరినవాడు. కాఫీ తీయడం దగ్గర నుంచి బల్లలు తుడవడం దాకా అన్నీ అతని పనులే.

స్వప్నిక తల్లి సరోజమ్మ బంతితోటల్లో, టమాట చేలల్లో కూలికి పోతుంది. వాళ్లకొక బర్రె ఉంది. డిగ్రీ మధ్యలో ఆగిపోయిన స్వప్నికకు ఆ బర్రె పాలు పిండటం తప్ప పాల గురించి నేర్చుకోవలసింది ఏముంటుందని అనిపించేది. గండిపేటకు పోయే దారిలో పరమేశ్వర్ కాఫీ దుకాణం తెరిచి, పనికి ఆడపిల్లలు కావాలని కబురు పెట్టినప్పుడు, నీడపట్టు పని కదా అని సరోజమ్మే షేర్ ఆటో ఎక్కించి పంపింది.

నగరం నుంచి వచ్చిన శిక్షకుడొకడు కొద్ది రోజులు పని నేర్పి వెళ్లిపోయాడు. అతని ఇంగ్లీషు మాటల్లో సగం ఆమెకు అందలేదు. అందిన సగాన్ని ఆమె తన పద్ధతిలో అర్థం చేసుకుంది. బోర్డు మీద ఎన్ని పేర్లున్నా లోపల ఉండేది చిక్కటి డికాక్షన్, పాలు, ఆ పాలలోకి ఎక్కించిన గాలి. గాలి ఎక్కువై నురగ దట్టంగా లేస్తే కాపుచినో. పాలు ఎక్కువై పైన పలుచని నురగ పొర మాత్రమే ఉంటే లాటె. నురగ పాలలోనే కలిసిపోయి, పట్టులా నిగనిగలాడితే ఫ్లాట్ వైట్. డికాక్షన్ మీద చెంచాడు నురగ మరకలా పెడితే మకియాటో. పాలు పిండేటప్పుడు ధార ఎత్తు నుంచి పడితే చెంబులో నురగ ఎలా లేస్తుందో, దగ్గర నుంచి పడితే ఎలా అణిగి ఉంటుందో ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. గొట్టం మొన పాల అంచున ఉంటే గాలి పోతుంది, లోతుకు దించితే వేడి మాత్రమే ఎక్కుతుంది. ఆ పోలిక దొరికిన రోజున చేయి వణకడం ఆగింది.

క్రీమ్ దగ్గర మాత్రం నవ్వులపాలైంది. ఒకావిడ చల్లటి కాఫీ మీద క్రీమ్ వేయమంటే, కాచిన పాల మీద కట్టిన మీగడను చెంచాతో తీసి వేసింది.

"ఓ తల్లీ, ఇది చాయ్ హోటల్ అనుకున్నవా?" అని పేతురు కడుపు పట్టుకుని నవ్వాడు. "మీగడ వేసిన మలాయ్ మార్కే చాయ్ అడిగిందా ఆ మేడం?"

"మీగడ గాదా మరి క్రీమంటే?"

"మీగడనే. గాని గిలక్కొట్టి నురగ లేపాలె. ఇట్ల ముద్దకు ముద్ద వేస్తే ఎవలు తాగుతరు?"

ఆ భయాలన్నీ చిన్నవి. పెద్ద భయానికి మూలం దుకాణం తెరిచిన రోజునే ఆ వంటగదిలో పడింది, కాని అప్పుడు దాన్ని భయమని ఎవరూ అనుకోలేదు.

పరమేశ్వర్‌ది చేవెళ్లలో తండ్రి కాలం నుంచి కిరాణా కొట్టు నడుపుతున్న ఇల్లు. తెరిచిన రోజున అతని తల్లి శారదాదేవి వచ్చి, కొత్త గిన్నెలో పాలు పొంగించి, పనివాళ్లందరినీ పిలిచి చెప్పింది: "పాలగిన్నె వేరే. దాంట్ల ఇంకోటి వండొద్దు. దానికి సబ్బు తగలనియ్యొద్దు. ఉత్త నీళ్లతోటి తొలిచి బోర్లెయ్యాలె. సబ్బు వాసన తగిలితే పాలు విరుగుతయి." వాళ్లింట్లో ఆ నియమం ఆమె అత్తగారి నాటిది. సరోజమ్మ ఇంట్లోనూ అదే నియమం. పాలు మైల కావు, పాలగిన్నెను రుద్దనక్కర్లేదు. అందుకే ఆ మాట స్వప్నికకు కొత్తగా అనిపించలేదు. ఆవిరి జగ్గుకూ అదే వర్తించింది. పూటకొకసారి ఉడుకు నీళ్లు, మధ్యమధ్య కుళాయి కింద ఒక తిప్పు. గొట్టాన్ని తుడవడానికి ఒకే తడిగుడ్డ.

తరువాత ఓట్స్ గింజల నుంచి తీసే ఓట్స్ పాల డబ్బాలు వచ్చాయి. గండిపేట కొత్త ఇళ్లవాళ్లు అడుగుతున్నారని పరమేశ్వర్ వాటిని తెప్పించి, దుకాణం ముందరి అద్దం మీద ఆకుపచ్చ అక్షరాలతో రాయించాడు: "పాలు తగలని కాఫీ. మీ ఆరోగ్యం మాకు ముఖ్యం." స్వప్నిక ఆ అక్షరాలు చదివి, వాటికి వేరే జగ్గు కావాలేమో అని అడిగింది. రుచులు కలుస్తాయనేది ఆమె అనుమానం, అంతకుమించి ఏమీ లేదు.

"కడుగుతలేవా?" అన్నాడు పరమేశ్వర్.

"కడుగుతున్న సేటు."

"మరింకేం ఫికర్?"

పాలు తగలవని అద్దం హామీ ఇచ్చింది. ఆ హామీ నిలబెట్టడానికి కావలసిన జగ్గు కొనలేదు, గుడ్డ కొనలేదు. పాలు పడని మనిషికి ఎంత తగిలితే ప్రమాదమో పనివాళ్లకు ఎవరూ చెప్పలేదు. అడిగినవాళ్లకు ధైర్యం చెప్పే పనిని మాత్రం కౌంటరు వెనుక నిలబడిన అమ్మాయికి అప్పగించారు. ఒక మనిషి ప్రాణానికి సంబంధించిన వాగ్దానం చేసి, దాని భారాన్ని ఏమీ తెలియని చేతుల మీద మోపడం పొరపాటు కాదు. అది నిర్ణయం. ఆ నిర్ణయం ఎవరిదో కూడా స్పష్టమే.

ఒక సాయంత్రం గండిపేట నుంచి రామలింగేశ్వరరావు తన కూతురితో వచ్చాడు. కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఆయన. కూతురు సహస్రకు ఆ రోజే కాలేజీలో సీటు ఖాయమైంది.

"పాపకి పాలు పడవమ్మా. చుక్క కూడా పడదు," అన్నాడాయన. "మీ అద్దం మీద చూసే ఆగాం. నిజంగా తగలవు కదా?"

"తగలవ్ సార్. ఓట్స్ పాలే వేస్తం."

"గిన్నె కడుగుతారా?"

"కడుగుతం సార్."

ఆమె అబద్ధం చెప్పలేదు. కడగడమంటే ఆమెకు తెలిసిన కడగడమే అది.

"నాన్నా, ఇంటర్వ్యూ చాలు," అంది సహస్ర. "అక్కా, నాకు కాపుచినో. పేరు వినడమే కానీ ఎప్పుడూ తాగలేదు. నురగ బోలెడంత వేయండి, మీసం రావాలి."

"మీసమొచ్చేదాంక వేస్త," అని స్వప్నిక నవ్వింది. కుళాయి కింద జగ్గును తిప్పి, ఓట్స్ పాలు పోసి, గొట్టాన్ని తడిగుడ్డతో తుడిచి ముంచింది. నురగ బాగా లేచింది. పేతురు కప్పును ట్రేలో పెట్టుకుని బయటి బల్ల దగ్గరికి పోయాడు. సహస్ర అతని వెనకే పోయింది.

తండ్రి కౌంటరు దగ్గరే ఆగి పర్సు సర్దుకుంటున్నాడు. "చాదస్తంగా అడిగానని ఏమీ అనుకోకమ్మా. పోయినేడు మా బంధువుల పెళ్లిలో పెరుగు గరిటె పప్పులో పెట్టి వడ్డించారు. పెరుగు వేయలేదు. గరిటె తగిలిందంతే. గొంతు మూసుకుపోయింది. ఐసీయూ దాకా వెళ్లాం."

గరిటె తగిలిందంతే.

స్వప్నిక చేతిలోని జగ్గు లోపలికి చూసింది. మూతి అంచు కింద, మడత దగ్గర, ఆవుపాలు ఎండి తెల్లని గీతలా ఉన్నాయి. తడిగుడ్డ పొద్దుటి నుంచి పీల్చిన పాలతో జిగటగా ఉంది. గల్లా దగ్గర పరమేశ్వర్ నోట్లు సర్దుతున్నాడు. చెబితే ఈ పని ఈ క్షణమే పోతుంది. చెప్పకపోతే బహుశా ఏమీ కాదు, నీళ్లతో తిప్పింది కదా, ఎంతని మిగులుతుంది? ఆ "బహుశా"ను పట్టుకుని నిలబడాలని ఆమె చూసింది. కాళ్లు ఒప్పుకోలేదు.

జగ్గును చేతిలో పట్టుకునే ఉరికింది.

"తాగకు! తాగకు చెల్లె!"

సహస్ర కప్పు దించింది. పై పెదవి మీద నురగ గీత ఉంది. "తాగేశానే," అంది అయోమయంగా. "ఒక్క గుక్క. ఏం, ఏమైంది?" అంటూనే మెడ గోక్కుంది. మళ్లీ గోక్కుంది.

తండ్రి పరుగెత్తుకొచ్చాడు. ఆయన వెనకే పరమేశ్వర్.

"ఏం కాలేదు సార్," అన్నాడు పరమేశ్వర్. "ఓట్స్ పాలే, డబ్బా సూపిస్త రండ్రి. గీ పిల్లకు ఊకె భయమెక్కువ. ఎండల తిరిగొచ్చిండ్రు గద, దానికి దురద పెడుతుండొచ్చు."

రామలింగేశ్వరరావు సంచిలోంచి అలర్జీకి వాడే పెన్నులాంటి ఇంజెక్షన్ తీసి, చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. ఇంకో చేతిలో మాత్రల పట్టీ ఉంది. పాలు కాకపోతే మాత్ర చాలు. పాలైతే ఆలస్యం చేయకూడదు. ఆయన చూపు పరమేశ్వర్ మీద నుంచి స్వప్నిక మీదికి వచ్చింది.

"అమ్మా, నిజం చెప్పు. పాలు తగిలాయా?"

"చెప్పరాదు, ఓట్స్ పాలే అని," అన్నాడు పరమేశ్వర్ పళ్ల మధ్య నుంచి.

స్వప్నిక జగ్గును ముందుకు చాచింది. లోపలి తెల్ల గీతను వేలితో చూపించింది.

"ఉత్త నీళ్లతోటి తిప్పిన సార్. సబ్బు పెట్టలే. గుడ్డ గూడ పాలదే. తగిలినయి."

ఆయన మాత్రలు కింద పడేసి ఇంజెక్షన్‌ను కూతురి తొడకు గుచ్చాడు. అప్పటికి సహస్ర పెదవులు ఉబ్బుతున్నాయి. ఊపిరి ఈలలా వస్తోంది.

"ఎనక సీట్ల ఎవలన్న పట్టుకోవాలె," అని పేతురు స్వప్నికను కారు వైపు నెట్టాడు. "పో, పో! నిలబడి సూస్తవేంది!"

మొయినాబాద్ దవాఖాన దాకా ఆ అమ్మాయి తల స్వప్నిక భుజం మీద ఉంది. ఈల ఆగితే ఊపిరి తేలికపడిందో, ఆగిపోయిందో తెలియక ప్రతిసారీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ముందు లారీ అడ్డం వచ్చినప్పుడల్లా తండ్రి హారన్ మీద నుంచి చేయి తీయలేదు. వెనక్కి తిరిగి చూడనూ లేదు.

లోపలికి తీసుకుపోయాక ఆయన పాత రిపోర్టులు నర్సుకు ఇచ్చాడో లేదో, డాక్టరుతో మాట్లాడకముందే కాగితాల కోసం కిటికీ దగ్గరికి పిలిచారు. స్వప్నిక వరండాలో మిగిలింది. ఫోన్ మోగింది. పరమేశ్వర్.

"బిడ్డా, ఎట్లున్నదా పిల్ల?" గొంతు మెత్తగా ఉంది. "జర ఇను. డాక్టర్లు అడుగుతరు. బయట ఏమో తిని వచ్చిందని చెప్పు. నీ మంచికే చెప్తున్న. పోలీసోళ్లొస్తే కప్పు ఎవలు చేసిండ్రు అంటరు. నా పేరు రాదు. నీ పేరే వస్తది. అమ్మ ఒక్కతే ఉంటది గద నీకు?"

అద్దం మీద ఆ మాట రాయించినవాడి పేరు కూడా వస్తుందని, పనివాళ్ల చేతులు చూపించి యజమాని తప్పించుకోలేడని ఆమెకు చెప్పేవాళ్లు ఆ వరండాలో ఎవరూ లేరు. పోలీసు ఠాణా అనగానే ఆమె కళ్ల ముందుకు వచ్చింది సరోజమ్మ, గేటు బయట కొంగు నోట్లో కుక్కుకుని.

తలుపు తీసుకుని డాక్టరు వచ్చింది. నడివయసు మనిషి. "మీరేనా వెంట వచ్చింది? ఏం తగిలింది అమ్మాయికి? వేరుశనగ, గుడ్డు, ఇంకేమైనా తిన్నదా బయట?"

ఆ "బయట" అన్న మాట స్వప్నిక కోసమే ఎవరో తెరిచి పెట్టిన తలుపులా ఉంది.

"ఎందుకడుగుతున్నరు మేడం? తగ్గింది గద?"

"ఇప్పటికి తగ్గింది. పాలే అయితే తగ్గినట్టే తగ్గి మళ్లీ రావచ్చు, ఆమె పాత రిపోర్టుల్లో అలా జరిగింది. అప్పుడు రాత్రికి ఇక్కడే ఉంచుకోవాలి. వేరేదైతే దాన్ని బట్టి చూడాలి. ఖాయంగా తెలియాలి నాకు."

స్వప్నిక ఒక అడుగు ముందుకు వేసింది.

"పాలే మేడం. ఆవుపాలు. కాపుచినో నేనే చేసిన. జగ్గుకు సబ్బు పెట్టలే. పెట్టొద్దన్నరు, నేను గూడ పెట్టాలె అనుకోలే. ఇంకేం తినలే. నా ఎదురుంగనే తాగింది."

"రాసుకోవచ్చా ఇది?"

"రాసుకోండ్రి."

"మీ పేరు?"

పేరు చెప్పింది. ఊరు కూడా చెప్పింది. డాక్టరు తల ఊపి, పడక సిద్ధం చేయమని నర్సును కేకేస్తూ లోపలికి పోయింది. తలుపు సందులోంచి సహస్ర కాలి వేళ్లు దుప్పటి కింద కదలడం కనిపించింది.

ఫోన్ మళ్లీ మోగింది. మోగనిచ్చి, ఆగనిచ్చి, మళ్లీ మోగాక ఎత్తింది.

"అడిగిండ్రా?" అన్నాడు పరమేశ్వర్.

"అడిగిండ్రు సేటు."

"ఏం చెప్పినవ్?"

ఆమె పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఆ చప్పుడు అవతలికి వినిపిస్తుందేమోనని ఫోన్‌ను కాస్త ఎడంగా పట్టుకుంది.

"అయిందయినట్టు చెప్పిన," అంది.