నేను పనిలో పెట్టుకున్న మొదటి మనిషి

నిజాం రాజ్యం పోయిన మరుసటి ఏడు నేను సూర్యాపేటలో ఒక బియ్యం మిల్లులో పనికి కుదిరాను. మా నాన్న మునగాలలో మిషను బడి పంతులు. నాకు ఏడో తరగతి చదువు, సూర్యాపేటలో తలదాచుకోవడానికి మేనత్త ఇల్లు తప్ప వేరే అర్హతలేమీ లేవు.

గొడవల రోజుల్లో మూతపడిన ఆ మిల్లును అప్పుడే మళ్లీ తెరిచారు. ఉడికించిన వడ్లను గచ్చు మీద ఆరబోసి కాళ్లతో తిరగదోసే పని ఆడవాళ్లది. వాళ్లు కొన్నాళ్లు వచ్చి మానేసేవాళ్లు. ఎందుకని అడిగితే మగ గుమాస్తాలకు చెప్పేవాళ్లు కాదు. వాళ్లను కూడగట్టి నిలబెట్టడానికి మిల్లు యజమాని సేటు ఒక ఆడమనిషి కోసం చూస్తున్నాడని తెలిసి, మా మేనత్త నన్ను తీసుకెళ్లింది.

"ఇంతకు ముందు ఏడన్న చేసినవా బిడ్డా?" అని అడిగాడాయన.

"లేదు సేటూ. బళ్లె చిన్నపిల్లలను కూసోబెట్టేదాన్ని."

ఆయన నవ్వాడు. "గదే పని. రేపు పొద్దుగాల రా."

ఆ పనిని ఇప్పుడు హెచ్‌ఆర్ అంటారట. అప్పుడు దానికి పేరే లేదు. మొదటి రోజు ఏం చేయాలో తోచక గోడ నీడన నిలబడ్డాను. మధ్యాహ్నం సిగ్గేసి చెప్పులు విడిచి గచ్చు మీదికి దిగాను. అరికాళ్లు చుర్రుమని గెంతితే ఆడవాళ్లంతా నవ్వారు. కోదాడ నుంచి కోడలిగా వచ్చిన ఒకామె నా చేయి పట్టుకుంది.

"నిలబడితే కాలుద్దమ్మా. నడుస్తా ఉండు" అంది.

అప్పటినుంచి నాతో మాట్లాడడం మొదలుపెట్టారు. నెల తిరక్కముందే ఆ కోదాడ ఆమె పనికి రావడం మానేసింది. నేను వాళ్లింటికి వెళ్లాను. ఆమె రవిక ముందు భాగం పాలతో తడిసి ఉంది. పసిబిడ్డ ఆమె అత్త ఒళ్లో ఉన్నాడు.

"పాలకి మా అత్త వీణ్ణి మిల్లు దాకా ఎత్తుకొచ్చేది. గేటు కాడి జవాను లోపలికి రానివ్వట్లేదు. వీడు గేటు బయట ఏడుస్తుంటే నేను లోపల వడ్లు ఎట్లా తొక్కేది?" అంది.

తిరిగి వస్తూ దారి పొడవునా అదే ఆలోచించాను. మర్నాడు సేటును అడిగాను, గోనెసంచుల కొట్టంలో ఒక మూల పిల్లలకు ఇవ్వమని, వాళ్లను చూడడానికి ఆ అత్తను కూలికి పెట్టుకోమని.

"ముసలామెకు కూలియ్యాల్నా? ఒక్క గింజ తిరగదోయదు గదా."

"తిరగదోసేటోళ్లు పోకుండ సూస్తది సేటూ. ఆమెతోని ఫాయిద లేకుంటే నన్ను గూడ తీసెయ్యండ్రి."

ఆయన పాన్ నమలడం ఆపి నా వైపు చూశాడు. "ఒక నెల సూస్త" అన్నాడు.

కొట్టం దూలాలకు పాత చీరలతో ఉయ్యాలలు కట్టాం. కోదాడ ఆమె తిరిగి వచ్చింది. ఆమెను చూసి మిగతా తల్లులూ పిల్లలను తెచ్చుకున్నారు. ఒకరోజు సేటు కొట్టంలోకి తొంగిచూసి, పిల్లలు ఏడవకుండా చూడమని ముసలామెతో అన్నాడు.

"ఏడ్వని పోరగాడు ఎవలింట్ల ఉన్నడు సేటూ?" అందామె తలెత్తకుండానే.

ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. నన్ను మెచ్చుకున్నదీ లేదు. కానీ మరుసటి పంట వడ్లు దిగగానే, "ముసలామె వస్తది గదా?" అని ఆయనే అడిగాడు.

తర్వాత పెళ్లయి మిర్యాలగూడ వెళ్లాను. అక్కడా మిల్లులో అదే పని. చేరేముందే పిల్లల కొట్టం సంగతి అడిగి మరీ చేరాను. చాలా ఏళ్లు చేశాను గానీ మనసు పోయేది సూర్యాపేట మిల్లు మధ్యాహ్నాలకే. ఉడికిన వడ్ల వాసన, ఉయ్యాలల్లో వరుసగా నిద్రపోయే పిల్లలు. మిల్లు ఇంజను ఎంత మోత పెట్టినా వాళ్లు కదిలేవాళ్లు కాదు. అది ఆగగానే అందరూ ఒక్కసారిగా లేచేవాళ్లు.